కొయ్యముక్క

తెల్లవారుజాము నాలుగున్నర. విట్‌బీ రేవు కాపలాగదిలో
బ్రయొనీ మూడోసారి పాస్‌వర్డ్ తప్పు కొట్టింది.
తెర మీద అదే గడి, అదే మాట: లాగిన్.
టీ చల్లారింది. కిటికీ అద్దానికి ఉప్పు పట్టింది.

ఆ మాటలో ఒక కొయ్యముక్క ఉంది.
మామూలు కొయ్య. పొయ్యిలో పెట్టుకునేదే.
లాగ్ అంటాడు ఇంగ్లీషువాడు.
ఒకప్పుడు ఇదే రేవు నుంచి రీగాకు పోయే ఓడ
దాన్ని తాడుకు కట్టి వెనక నీళ్ళలో విసిరేది.
కొయ్య ఉన్నచోటే ఉంటుంది, ఓడ పోతుంది,
మధ్యన తాడు పరుగెడుతుంది.
తాడు నిండా ముళ్ళు.
ఇసుక గడియారం ఒక్కసారి ఖాళీ అయ్యేలోగా
వేళ్ళ సందున ఎన్ని జారితే అంత వేగం.
ముళ్ళే. ఆ మాటకున్న రెండర్థాలూ
అరచేతికి తెలుసు.

లెక్కపెట్టేవాడు జేబెజ్, పదమూడేళ్ళవాడు.
చీకట్లో కళ్ళతో పనిలేదు వాడికి.
ఒకటి. రెండు. మూడు.
"ఆపు!" అంటాడు గాజుబుడ్డి పట్టుకున్న మేటు స్క్రఫ్టన్.
"ఐదున్నర" అంటాడు వీడు.
పలక మీద సుద్దతో ఐదున్నర,
మధ్యాహ్నం పుస్తకంలో సిరాతో ఐదున్నర.
కొయ్య పేరు పుస్తకానికి వచ్చింది.
జేబెజ్ పేరు ఏ పుటకీ రాలేదు.

ఒక వారం పొగమంచు.
ఇసుక చెమ్మగిల్లి బద్ధకంగా రాలింది,
ముళ్ళు ఎక్కువ జారాయి.
కాగితం మీద ఓడ గోట్లండ్ దాటేసింది.
నీళ్ళ మీద ఇంకా దాటలేదు.
"ఇసుక తడిసిందయ్యా" అన్నాడు కుర్రాడు.
"నిన్నడిగానా?"
రాశాడు: ఏడు.

ఏమైందంటారా, ఏమీ కాలేదు.
మంచు విడిచాక ఒడ్డు ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి.
మేటు ఎవరివంకా చూడకుండా
గాజుబుడ్డిని వంటపొయ్యి పక్కన ఆరబెట్టాడు.

విసరడం ఒక్క క్షణం.
ఆ తర్వాతి పని ఎవరూ రాయలేదు:
యాభై బారల తడితాడు,
మోచేతుల దాకా కారే మంచునీళ్ళు,
గంటగంటకీ వెనక్కి లాగడం.
లాగిన చెయ్యి, లాగిన్.
ఈ రెంటికీ చుట్టరికం లేదని నాకు తెలుసు,
ఏ నిఘంటువూ ఒప్పుకోదు.
అయినా ఆ మాట కనబడ్డప్పుడల్లా
నా అరచేతిలో ఏదో గరుగ్గా కదులుతుంది.

నాలుగోసారి కుదిరింది బ్రయొనీకి.
తేదీ, గంట, ఆమె పేరు
వాటంతటవే పడ్డాయి.
వచ్చే ఓడ లేదు, పోయే ఓడ లేదు.
ఖాళీ గడిలో కాసేపు వేళ్ళాడించి, కొట్టింది:
పొగమంచు. ఏమీ కనబడటం లేదు.