బూట్ల లోపలి రంగు

గేటు దగ్గర చేతులు తిరగేసి చూపించాలి.
ముందు అరచేతులు, తర్వాత గోళ్ళు.
కొత్తగా వచ్చిన చెకింగు పిల్ల
టార్చి వేసి మరీ చూస్తుంది.
ఏ గోటి మూలైనా కాస్త ఎరుపు మిగిలితే
"వెనక్కెళ్ళి తుడుచుకుని రా అమ్మా" అంటుంది.
రొయ్య మనకంటే శుభ్రంగా ఓడెక్కాలి మరి.

శనివారం రాత్రి రంగు.
ఆదివారం చర్చి, సంత, చెల్లెలిల్లు.
దీపాలు పెట్టే వేళకి మళ్ళీ బోసి గోళ్ళు.
ఒక్కరోజు ముచ్చటకి ముప్ఫై రూపాయల సీసా!
తుడిచే మందు కూడా కొనాలంటే మనసొప్పక
బ్లేడు మొనతో గీకేదాన్ని.
పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంటే భలే సరదా,
చేప పొలుసు తీసినట్టే.
రంగుతోపాటు గోరు పొర కూడా లేస్తోందని
ఎవరు చూశారు?

ఐసు నీళ్ళు, క్లోరిన్ నీళ్ళు, మళ్ళీ ఐసు నీళ్ళు.
పొద్దుగూకే దాకా తలలు తీసే వేళ్ళు.
వానలు పడేసరికి నా గోళ్ళు
తడిసిన అప్పడాలు,
పచ్చగా, అంచులు రేకులు రేకులుగా.
ఓనాడు రొయ్య ముల్లు బొటనవేలి గోటి కింద దిగి
గోరుచుట్టు లేచింది.
దాని మీద రోకలిపోటని సామెత కట్టిన మనిషి
రోకలే చూసింది, పాపం,
ఐసుగడ్డ చూళ్ళేదు.

నాతో ఏడో తరగతి చదివిన నాగసుందరి
పాలకొల్లులో పార్లరు పెట్టింది.
నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని
లెక్కల మాస్టారిలా కళ్ళజోడు సర్దుకుంది.
"రంగు పాపం కాదే దీవెనా, గీకుడు పాపం.
మందులో దూది తడిపి గోటి మీద ఉంచు,
ఇరవై లెక్కపెట్టు, అదే జారిపోద్ది.
రంగు కింద నీళ్ళలాంటి పూత ఒకటుంటది, అది వేస్తే మరక పట్టదు.
ఆకురాయి ఒక వైపుకే తియ్యి, రంపం లాగినట్టు లాగకు.
నూనె రాస్తన్నావా? కొబ్బరి నూనె?
కోనసీమ పక్కన బతుకుతూ ఆ మాత్రం లేదా నీ ఇంట్లో?"
నేను నవ్వాను. తను నవ్వలేదు.
"పంట తీసిన చెరువుని
నెర్రెలిచ్చేదాకా ఎండగడతారు కదే.
గోటికి ఓ వారం ఇవ్వలేవా?"

ఆ శ్రావణంలో సరుకు లేక ప్లాంటు మూశారు.
కూలీ లేదు. గోళ్ళకి మాత్రం సెలవు.
అప్పుల మనిషి రాని పూటల్లో
వేళ్ళకి నూనె పట్టించి గుమ్మంలో కూర్చుని
అవి పెరుగుతుంటే చూశాను.
మొదట్లో సన్నటి నెలవంక పొడిచింది.
పాత పచ్చమరక
కాలవలో గుర్రపుడెక్కలా
నెమ్మదిగా, చాలా నెమ్మదిగా
అంచుకి కొట్టుకుపోయింది.
ఒక రోజు దాన్ని కత్తిరించి పారేశాను.

చిన్నప్పుడు ఎగిరే కొంగల్ని చూసి
వేళ్ళాడించి గోళ్ళరంగు అడిగేవాళ్ళం.
గోటి మీద తెల్లచుక్క కనిపిస్తే
కొంగే వేసిందని వీధంతా చూపించేవాళ్ళం.
అది దెబ్బ తగిలిన గుర్తంటుంది నాగసుందరి.
అయ్యుండొచ్చు.
ఇప్పుడు కొంగలు రొయ్యల చెరువు మీద వాలితే
టపాకాయలు కాల్చి తోలుతున్నారు.
వాటిని ఏమడగాలన్నా మొహం చెల్లదు.

మళ్ళీ పనిలోకి పిలిచారు.
టార్చి వెలుగులో బోసి గోళ్ళు
వాటంతటవే కాస్త మెరుస్తాయి.
చెకింగు పిల్ల పొమ్మని తలూపుతుంది.
మోకాళ్ళ దాకా తెల్ల బూట్లు.
విప్పి చూపించమనే రూలింకా రాలేదు.
లోపల పది వేళ్ళూ వంకాయ రంగు,
మూడో ఆదివారం దాకా.

మొన్న బూట్లు మార్చే గదిలో
ఆ పిల్ల నా పక్కనే కూర్చుని సాక్సు లాగింది.
కాలి చిటికెన వేలి మీద
నెమలి నీలం, సగం చెరిగి.
నన్ను చూసి, కంగారుగా
గోటితో గోరు గీకబోయింది.

"గీకకు" అన్నాను.