రుచి అనే గడి

మూడో కొలబద్ద కూడా మునిగింది.
మొదటిది నేను ఈ పనిలో చేరిన ఏడు,
రెండోది మా అమ్మ మొక్కజొన్న ఒలుస్తున్న నెల,
ఇది మొన్న రాత్రి, ఎవరికీ చెప్పకుండా.
ఇప్పుడు తుమ్మచెట్టు మొదలుకి
తెల్ల పెయింటుతో గీతలు పెట్టుకున్నాను.
చెట్టు చచ్చి రెండేళ్లు. నిలబడే ఉంది.
ఆఫీసుకి అది చాలు.

నా పేరు చెసాంగ్.
బొగోరియా ఒడ్డున రోజూ ఆరున్నరకి నీటి మట్టం రాస్తాను,
వేడి రాస్తాను,
మీటరు మొండికేయని రోజున క్షారం రాస్తాను.
పదీ పాయింటు మూడు. పదీ పాయింటు మూడు.
పక్కన నేనే గీసుకున్న గడి ఒకటుంది: రుచి.
వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాను.
నకూరు నుంచి వచ్చే సారు ఆ గడిని ఎర్ర పెన్నుతో కొట్టేస్తాడు.
మరుసటి పేజీలో మళ్లీ గీస్తాను.

నేల చీలితే పుట్టిన లోయ ఇది.
కొండల బూడిదని కడుక్కుంటూ వచ్చిన వాగు
ఇక్కడికొచ్చి ఆగుతుంది. అవతలికి దారి లేదు.
ఎండ ఒక్కటే ఎత్తుకుపోతుంది, అదీ నీళ్లని మాత్రమే.
ఉప్పు అప్పులా ఉండిపోతుంది,
వడ్డీ మీద వడ్డీ.
సున్నం తొందరపడి రాయైపోతుంది.
ఆఖరికి మిగిలేది సోడా:
వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది,
పుండు మీద పడితే కేక.

ఉత్తరాన బరింగో. ఒక పూట నడక.
దానికీ బయటికి ఏరు లేదు.
కానీ అది ఓటికుండ.
అడుగున రాళ్ల సందుల్లోంచి ఎక్కడికో కారిపోతుంది,
ఆ కారడమే దాన్ని తియ్యగా ఉంచింది.
అక్కడ నా నేస్తం నబారు. వాళ్లాయన
బెండుకట్టెల తెప్పలో కూర్చుని
రెండు చేతులకీ రెండు చెక్కలు పట్టి తోసుకుంటూ
తిలాపియా పట్టుకొస్తాడు.

మా దాంట్లో చేప లేదు. పచ్చరంగు ఉంది,
ఆకుకూర ఉడికిన నీళ్లంత చిక్కగా.
అద్దం కింద చూస్తే సన్నని చుట్టలు, పెన్నులో స్ప్రింగులు.
ఈ ఘాటులో వాటికి పోటీ లేదు.
వాటి కోసం ఫ్లెమింగోలు
ముక్కు తలకిందులు పెట్టి ఒడ్డంతా జల్లెడ పట్టేవి.
ఆ గులాబీ కూడా ఈ పచ్చే,
లోపలికి వెళ్లి రంగు మార్చుకుంది అంతే.
"విషమా కాదా అని నీళ్లని అడక్కు,
తాగేవాణ్ణి అడుగు" అనేది మా అవ్వ తబుతానీ.

తర్వాత వానలు. ఒక ఏడుతో పోలేదు.
చిన్నప్పుడు మేం గుడ్లు ఉడకేసుకున్న వేడిబుగ్గ
ఇప్పుడు సరస్సు అడుగున ఉడుకుతోంది,
పైకి బుడగలొస్తాయి.
పదీ పాయింటు ఒకటి.
తొమ్మిదీ పాయింటు తొమ్మిది.

నిన్న నబారు ఫోను:
"బడిలో నీళ్లు. హిప్పో ఒకటి
నల్లబల్ల ఉన్న గదిలో పడుకుంటోంది.
మీ సరస్సు ఎంత దూరంలో ఉందే ఇప్పుడు?"
ముందుకంటే దగ్గర, అన్నాను.
"కలిస్తే మీ ఇంటికి తెప్ప మీదే వస్తా."
నవ్వింది. నేనూ నవ్వాను.
సోడా తగిలితే వాళ్ల చేపల మొప్పలు ఏమవుతాయో
తను అడగలేదు.
ఛార్జింగు అయిపోయేదాకా
ఇద్దరం అవతలి గాలి వింటూ ఉన్నాం.

ఇవాళ.
మట్టం: చెట్టు మీద నాలుగో గీత దాటి రెండు వేళ్లు.
మీటరు: పలకలేదు.
పక్షులు: పదకొండు, ఒకటి కుంటుతోంది.
రంగు: టీ.
రుచి: వేలు రెండుసార్లు ముంచాను, అనుమానంతో.
కొంచెం తియ్యగా ఉంది.

సారు కొట్టేయకుండా
ఈసారి బొగ్గుతో రాశాను.