గోడకు పట్టిన ఉప్పు

చంద్రగిరి కోటలో
రాజమహల్ పడమటి గోడకు మళ్ళీ ఉప్పు పట్టింది.
తెల్లగా, వారం గీయని గడ్డంలా,
సున్నాన్ని లోపల్నించి తోసుకుంటూ
బయటికొస్తోంది.

మరమ్మతుకొచ్చిన ఇంజనీరు
తడి కాగితం గుజ్జు మెత్తి
మూడు రోజులాగి ఒలిచాడు.
"వానలు వెనకబట్టగానే మళ్ళీ వస్తుంది మేడం.
సముద్రం లేని ఊళ్ళో ఎక్కడిదో ఇంత ఉప్పు."

నాకు క్యారియరు తెచ్చిన మా అవ్వ కొల్లాపురి
చూపుడువేలు గోడకు రాసి
నాలుక మీద పెట్టుకుంది.
"మనదే" అంది.

నా వెనక వరసలో
ఆరో తరగతి పిల్లలు నలభై రెండు మంది.
వాళ్ళ పుస్తకంలో ప్రాచీన నాగరికతలు నాలుగు పేజీలు:
నదులు, ఇటుకలు, ధాన్యపు కొట్లు, మట్టి ముద్రలు.
అడుగున ఒక్క పేరా, సంచార జాతుల దాడులు.
దాడులు.
ఆ మాట దగ్గర ఏటేటా
దగ్గొచ్చినట్టు నటించి పేజీ తిప్పేస్తాను.

అవ్వ ఆ పేజీ చదవలేదు.
వాళ్ళ నాయన చెప్పిన చరిత్రలో
గాడిదలకు పేర్లున్నాయి:
బూడిది, చెవిటోడు, మల్లిపువ్వు.
దుగరాజపట్నం కొఠార్లలో పెరికలు నింపుకుని
నాయుడుపేట, కాళాస్తి, రేణిగుంట,
స్వర్ణముఖి ఇసుకలో ఒక రాత్రి,
పొద్దున్నే భాకరాపేట కనుమెక్కితే
అవతలి ఊళ్ళన్నీ
చప్పిడి నోళ్ళతో ఎదురుచూసేవట.
వట్టి చేతుల్తో తిరిగొచ్చేవాళ్ళు కాదు.
చింతపండు, రాగులు,
వాన యాడ పడింది, గాలికుంటు యాడ తగిలింది,
ఎవరి కూతురు పురుడు పోసుకుంది,
ఒక ఊరి విత్తనం ఇంకో ఊరి కొంగులోకి.

"రాజు తినే సద్దిలోకి
ఉప్పుగల్లు యాడ్నించొచ్చిందో
ఈ రాళ్ళమీద ఏమన్నా చెక్కినారా పాపా?"

చెక్కలేదవ్వా.
ఠాణా రిజిస్టర్లో మాత్రం రాసుకున్నారు.
రైలొచ్చింది, ఉప్పు రైలెక్కింది,
గాడిద వీపు తేలికైంది,
దాని పక్కన నడిచే మనిషి దొంగయ్యాడు.
మీ నాయన రాత్రికి రెండుసార్లు
లాంతరు ముందు నిలబడి
"ఈడ్నే ఉండా దొరా" అని
తన పేరు తానే చెప్పుకున్నాడు.
నడిచేవాడి నోట
ఆ ఒక్క మాట అనిపించడానికి
ఎంత కాగితం ఖర్చయిందో.

"టీచర్, మరి వాళ్ళకు కోట లేదా?"
మూడో వరసలో చెంగల్రాయులు.

జవాబు కోసం మాటలు తడుముకున్నాను.
నాగరికతలో నగరం ఉంది, నిజమే.
కానీ మనిషిని తూచాల్సొస్తే
అతని కట్టడం ఎలాంటిదని అడగం,
నడవడి ఎలాంటిదని అడుగుతాం.
అంగడి బాగుంటే నడుస్తోందంటాం,
కాపురం నడుస్తోందంటాం,
ఈ కాలం ఇట్లా నడుస్తోందంటాం.
గోడలు కట్టుకుని, తలుపులు పెట్టుకుని
స్థిరపడ్డామనుకున్న ఈ భాషలో
ఎవరివో మడమల చప్పుడు
ఇంకా ఆగలేదు.

ఇదంతా వాడికి చెప్పలేదు.
"గోడనడుగు" అన్నాను.

వాడు నిజంగానే వెళ్ళి
వేలు రాసి నాకాడు.
వాడి వెనక ఇంకొకరు,
తర్వాత నలభై రెండు మందీ.
కావలివాడు విజిల్ ఊదుతూ పరిగెత్తుకొచ్చేసరికి
గోడమీద చిన్న చిన్న చారలు,
ఏదో మంద
ఇప్పుడే దాటిపోయినట్టు.

మధ్యాహ్నం చెట్టుకింద క్యారియరు విప్పితే
పప్పులో ఉప్పు లేదు.
అవ్వ నాలిక్కరుచుకుని
గోడవైపు చూసింది.