రసమట్టం

హోటల్లో మేం బిగిస్తున్న నాలుగు లిఫ్టులూ
ఇవాళ వాటి బావుల్లో అవే వేలాడుతుంటాయి.
నాకు సెలవు.
వచ్చిన పన్నెండు రోజులకి తిబిలిసిని
మొదటిసారి పగటిపూట చూస్తున్నాను.

దుకాణాల మీద అక్షరాలన్నీ గుండ్రం.
ఒకచోట ఠ లాంటిది, పక్కనే
తలకట్టు ఊడిపోయిన గ,
ఇంకోచోట దీర్ఘం తీస్తూ తీస్తూ
తోక ముడిచిన ఏదో.
ముఖం తెలిసీ పేరు గుర్తురాని చుట్టంలా
వీధి పొడుగునా నన్నే చూస్తున్నాయి.
ఒక బోర్డు ముందు పెదవులు కదిపి చూశాను.
లోపల్నించి మంగలి, కుర్చీ దులిపి,
రమ్మని చెయ్యూపాడు.

"మామా!" అని వెనకనుంచి పిలుపు.
చప్పున తిరిగాను.
బూటు లేసు ఊడిన పిల్ల
నన్ను దాటి పరిగెత్తి
రొట్టె కోసం నిలబడ్డ మనిషి మోకాళ్ళు పట్టుకుంది.
అదే ముక్కు, అదే గడ్డం మీద సొట్ట.
ఇక్కడ మామంటే నాన్న కాబోలు.

రొట్టెలాయన మట్టి పొయ్యిలోకి
నడుందాకా వంగి
గోడకంటిన రొట్టెని కొక్కెంతో లాగుతున్నాడు.
బావిలోకి వంగే మనుషులు నాకు తెలుసు.
నడుముకి తాడు లేదేమిటని
ఒక్క క్షణం కోపమొచ్చింది.
రెండు కొసలూ సాగదీసిన పడవలాంటి రొట్టె.
వేడికి చేతులు మార్చుకుంటూ
నది దాకా తినేశాను.

వంతెన పక్కన సంత.
దుప్పట్లు పరిచి పాత పతకాలు,
ఒంటి కన్ను కెమెరాలు, జత తప్పిన చెంచాలు.
ఊదారంగు స్వెట్టరు ముసలావిడ ముందు
ఇత్తడి మూతల రసమట్టం.
గాజులో బుడగ ఇంకా బతికే ఉంది.
ఆవిడ కాలిక్యులేటరు మీద నలభై నొక్కింది.
నేను ఇరవై నొక్కాను.
"అర" అంది.
అర అంటే సగమే కదా, ఒప్పుకుందనుకుని
ఇరవై లారీలు చేతిలో పెట్టాను.
"అర! అర!"
"అవునమ్మా, అరే" అన్నాను.
ఒకే మాటకి చెరో కొస పట్టుకుని
ఇద్దరం చాలాసేపు లాక్కున్నాం.
చివరికి, పాత టెలిఫోన్లమ్మే కుర్రాడు
నవ్వు ఆపుకోలేక, తల అడ్డంగా ఊపి
ఆ మాటకి అర్థం లేదు అని చూపించాడు.
నలభై ఇచ్చాను.
ఆవిడేమనుకుందో, ఐదు వెనక్కిచ్చింది.

మధ్యాహ్నం బస్సెక్కి, అది ఎక్కడిదాకా పోతే అక్కడికి.
కొండ అంచున మూడు పెద్ద భవనాలు,
పై అంతస్తుల మధ్య గాల్లో వంతెనలు.
లిఫ్టుకి నాణెం వెయ్యాలి.
నా దగ్గర నోట్లే.
క్యాబేజీల సంచీ ఆవిడ తన నాణెమే వేసి
లోపలికి జరిగి చోటిచ్చింది.

చెవులకి సెలవు లేదు.
మూడో అంతస్తు దాటాక కుదుపు,
ఆ పైన నూనె అందని పట్టాల మీద
గొంతు తడారిన రాపిడి.
తీగలు పర్లేదు. బ్రేకు ముసలిది, కానీ మాట మీద నిలబడేదే.
సంచీలోంచి రసమట్టం తీసి
ఆగకముందే నేల మీద పెట్టాను.
బుడగ కాస్త ఎడమకి ఒరిగి, వణికి, నిలిచింది.
క్యాబేజీల ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి,
అరచెయ్యి పైనుంచి కిందికి జారవిడిచి
కళ్ళతో అడిగింది.
"అర" అన్నాను.
ఆవిడ సంచీ బరువు ఇంకో చేతికి మార్చుకుంది.

వంతెన మీద గాలి, జడని ముఖం మీదికి కొట్టేస్తూ.
కింద ఎవరివో దుప్పట్లు ఆరుతున్నాయి,
ఎక్కడో ఉల్లిపాయలు వేగుతున్నాయి.
నగరం మొత్తం ఒక పక్కకి ఒరిగినట్టుంది,
లేకపోతే కొండే అలా ఉందేమో,
రసమట్టం బయటికి తియ్యలేదు.
రెయిలింగుకి ఆనుకుని
వెనక లిఫ్టు ఎక్కి దిగడం విన్నాను.
ప్రతిసారీ అడుగున, ఎక్కడో, అదే కుదుపు.
ఎనిమిదిదాకా లెక్కపెట్టాను.
తర్వాత మానేశాను.