ఎన్నడు? ఏడ?

సిరోంచ బస్టాండు ఎనుక
గోనెపట్టాల పరదాలేసిన వీడియో హాలు.
టికెట్టు రూపాయిన్నర.
సంకల మేకపిల్లుంటే దానికి ఊరికే.

డబ్బా టీవీల నల్లటి ఆకాశం,
అండ్ల ఓడలు. చక్రాల్లేవు, తెరచాపల్లేవు.
బొమ్మ హిందీల మాట్లాడుతది,
జాడి బక్కయ్య దాన్ని తెలుగుల తిప్పుతడు,
బీడీ ఆరకుంట,
కందికట్టెతోటి ఒక్కొక్క చుక్కను చూపెట్టుకుంట.

"ఇదెన్నటి ముచ్చట మామా?"
ఎవలేమడిగినా ఆగనోడు గా మాటకు ఆగిండు.
"మీ తాత పుట్టకముందు. ఆయన తాత పుట్టకముందు.
ప్రాణహితకు ఇంకా తొవ్వ దొరకకముందు."
"మరి ఓడలు గంత కొత్తగున్నయి?"
హాలంత నవ్వింది. బక్కయ్య నవ్వలే.

ఇసుక లోకమొస్తే, గిది మే నెల మన ఏరు.
మంచు లోకమొస్తే, బల్లార్షా ఐసు ఫ్యాక్టరీ.
చెట్ల లోకం ఆలాపల్లి, టేకు కొట్టకముందు.
చక్రవర్తి కొలువుకూటమా?
గడ్చిరోలి కలెక్టరాఫీసు, సంతకానికి నాలుగు దినాలు.

ఆఖరికి ఎవలు గెలిచిండ్రో నాకు తెల్వదు.
కరెంటు పోయింది. పైసలు వాపసియ్యలే.

ఆ ఐతారం సైకిలు బారు మీద నన్ను కూసోబెట్టుకొని
వడధం తీస్కపోయిండు.
బీట్లో పండుకున్నదొక మొద్దు.
బెరడున్నది, కణుపులున్నయి, వయసు గీతలున్నయి.
"కొట్టు," అన్నడు.
ఏలి కణుపుతోటి కొట్టిన. టంగుమన్నది.
చెట్టే. రాయైంది.

"ఎన్నేండ్లాయె?"
"సర్కారోళ్లు కోట్లల్ల చెప్తరు.
నాకు నూరుదాక్నే వస్తది.
ఎన్నడంటివి గద. దాని మీదనే కూసున్నవు.
ఏడ అంటివి. చెప్పులిడిచి చూడు."
చెప్పులిడిచిన. కాళ్లు కాలినయి.
అంతకన్న ఏం తెల్వలే.

బక్కయ్య పోయి పదకొండేండ్లు.
ఇప్పుడు ఏటి మీద వంతెన.
సగం దాటంగనే ఫోనుకు రాష్ట్రం మారుతది,
నాకు మారదు.

నిన్న కరీంనగర్ దవాఖాన్ల
చీటీ రాసే పిల్ల తలెత్తకుంట అడిగింది:
"ఊరు?"
"సిరోంచ."
"అదెక్కడ మేడం? మన దిక్కేనా?"

బళ్లె మరాఠీ, ఇంట్ల తెలుగు,
పోలీసోళ్లతోటి హిందీ,
కోయ అవ్వల తాన నాలుగు కోయ మాటలు.
యాడికెళ్లి మొదలువెట్టాలె?
ఎనుక లైను పెరుగుతున్నది.

"గోదారి అవుతల," అన్న.
ఆమె రాసుకున్నది.

చీటీ తీసుకుంట తీసుకుంట
కౌంటరు బల్లను కణుపుతోటి ఒకసారి కొట్టి చూసిన.
ఇంకా చెక్కనే.