నారుకట్ట

ఆమదాలవలస మట్టి పరీక్షల గదిలో
తొమ్మిదేళ్ళుగా వేళ్ళు కడుగుతున్నాను.
మొక్కల వేళ్ళు. నా వేళ్ళకి మన్ను వదలదు.

ఇవాళ బోర దాలమ్మ వచ్చింది
నాగావళి అవతలి ఇసక నేల నుంచి.
యూరియా సంచిలో నాలుగు వంగమొక్కలు, మన్నుతో సహా,
పిందె పడకముందే కళ్ళు తేలేసినవి.

"మద్దినేల వాలిపోయీవి బాబూ,
సాయింత్రానికి మళ్ళీ లేచీవి.
ఎండకే అనుకున్నాను.
పది రోజులై లెగడం మానీసినాయి."

పంపు కింద పెట్టాను వేరుని.
మన్ను జారేసరికి
ఉలవలంత, పెసలంత, కొన్ని శనగలంత బుడిపెలు,
మొలతాడుకి ఎవరో వరసగా ముళ్ళేసినట్టు.
మొన్న పీకినప్పుడు మనవడు గెంతేడట:
"మామ్మా, వంకాయలు కిందే కాసీసినాయి!"

ఒక బుడిపె చీల్చి మైక్రోస్కోపు కింద పెట్టి
ఆమెని స్టూలెక్కించాను.
ఒక కన్ను మూస్తే మొహమంతా మూసుకుపోయింది.
"గున్న ఆనపకాయలాగున్నాది. తెల్లగ. కదల్దేటి?"

కదలదు. ఆడది.
పిల్లప్పుడు దారప్పోగులా తడిలో ఈదుకుంటూ వచ్చి
వేరు కొసన సూది దించి
అక్కడే ఊరి, అక్కడే బాలింతై,
జిగురుసంచిలో మూడొందల గుడ్లు పెట్టి
తిన్నచోటే పోతుంది.
చుట్టూ ఉన్న వేరు కణాలు తమ పని మర్చిపోయి
దానికోసం బానల్లా ఉబ్బుతాయి.

"ఇదేనా నా సేను సంపీసింది?"

ఇదొక్కటే అయితే
పాలిపోయి, గిడసబారి, ఇరవై కాయలైనా ఇచ్చేది, అన్నాను.
కాండం నిలువునా చీల్చి చూపించాను.
నీళ్ళెక్కే దారి పొడుగునా కాఫీపొడి రంగు గీత.
బూజు.
పురుగు తీసిన తలుపులోంచి వచ్చింది,
పురుగు నింపుకున్న బానల్లో తిని బలిసింది.
ఇక మొక్క గొంతు పూడిపోయింది.

ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది:
"కన్నమేసినోడొకడు, కాపరం సేసినోడొకడు."
మా పుస్తకంలో అది పదకొండు పేజీలు.

చెప్పాల్సినవి చెప్పాను.
వచ్చే కారు బంతి వెయ్యి, దుక్కిలో వేపచెక్క,
వేసంగిలో నేలని రెండుసార్లు తిరగేసి ఎండకి వదిలెయ్యి.
సీసా తీశాను. లేత ఊదారంగు పొడి.
ఇదీ బూజే, ఆ గుడ్లలోకి పోగులు దించి పీల్చేస్తుంది,
పెంటలో కలిపి, గోనె కప్పి, పదిహేను రోజులు...

సీసాని మెల్లగా వెనక్కి తోసింది.
"ఒక బూజు సంపింది, ఇంకో బూజు బతికిస్తాది.
మట్టికెలా తెలస్తాది బాబూ, మనదేదో?"

నా దగ్గర జవాబు లేదు. లేబులుంది.

అప్పుడడిగింది, అందుకే వచ్చినట్టు:
"నారుమడిలోనే ఉంటాయేటి ఇవి?"
ఉంటాయి. ఎక్కువగా అక్కణ్ణించే పోతాయి.

స్టూలు దిగి నేలమీద కూచుంది.

ఆషాఢంలో చీపురుపల్లి చెల్లెలికిచ్చిందట నారు.
ఆరేళ్ళు మాటల్లేవు ఇద్దరికీ.
పొలం కాదు, బంగారం కాదు,
ఎవరిదో పెళ్ళిలో వడ్డన దగ్గర జారిన ఒక్క మాట.
నాలుగొందల మొక్కలు తడి తువ్వాల్లో చుట్టి
ప్యాసింజరు బండిలో ఒళ్ళో పెట్టుకుని తనే పట్టుకెళ్ళింది.
వేళ్ళు కడగలేదు.
"మన మన్నుంటే బెంగెట్టుకోవని."

నేను కుళాయి కట్టేశాను.
ఈ సింకు నీళ్ళు గోడ వెనక
బొప్పాయి మొదట్లోకే పోతాయి.
రెండేళ్ళుగా అది పచ్చబడ్డం లేదు.
తవ్వి చూద్దామని ఎవరికీ తోచలేదు,
ముఖ్యంగా నాకు.

దాలమ్మ ఫోను తీసింది.
చెల్లెలి పేరు మీద బొటనవేలు ఆగింది.
"మద్దినేల వాలతన్నాయా అనడగాల.
అడిగితే తెలిసిపోద్ది."

అటు మోగుతోంది.
బల్లమీద చీల్చిన కాండం
అంచుల్లోంచి ఎండుతోంది.

"ఒలే... నానే.
బువ్వ తిన్నావేటి?"