మెరుపుకీ ఉరుముకీ నడుమ

రెండు వందల నలభయ్యో పేజీలో యుద్ధం అయిపోయింది.
నువ్వు చావలేదు, యోఖిమ్ వెర్నెకె.
తప్పు నాదే. ఆ అధ్యాయం రాసిన రాత్రి
లౌత్ ఊళ్లో, రొట్టెల కొట్టు పైన అద్దెగదిలో
నాకు జ్వరం. నిన్ను చంపే ఓపిక లేకపోయింది.

బతికి బట్టకట్టావు.
కట్టిన బట్టకి వీపున వేరే రంగు అతుకు,
ఖైదీ పరిగెత్తితే తుపాకీకి ఆనవాలుగా.
గురి అంటే ఏమిటో నీకొకరు చెప్పక్కర్లేదు.

మీ దేశంలో నీ చెవులకి పతకం ఇచ్చారు.
కొండ అవతల ఫిరంగి దగ్గితే చాలు,
కళ్లు మూసుకుని మూడు వేళ్లు మడిచి
ఏ తోపు వెనక, ఎన్ని మీటర్లలో, ఎన్ని గొట్టాలో
చెప్పేసేవాడివి.
నువ్వు చెప్పిన చోట ఆ తర్వాత
చప్పుడుండేది కాదు.

ఇప్పుడు ఈ ఊరి పొలిమేరలో
గడ్డకట్టిన లింకన్‌షైర్ మట్టిలోంచి
బీట్ దుంపలు పీకుతున్నావు.
నేలని వదిలేటప్పుడు దుంప చేసే చప్పుడు
నీకు తెలిసిన దేనిలాగా ఉండదు.
అది నీకు ఇష్టం.

లండన్ నుంచి సంపాదకుడి ఉత్తరం:
"ఇంత విద్య ఉన్నవాడు దుంపలు తవ్వడమేమిటి?
గూఢచారిని చెయ్యండి, లేదా ఉరి తియ్యండి.
చదివేవాళ్లకి ఏదో ఒకటి కావాలి కదా."
టీ కప్పు కింద పెట్టాను దాన్ని.
గుండ్రంగా మరక పడింది.

జూన్‌లో, కలుపు తీస్తుండగా, మబ్బు కమ్మింది.
ఆల్‌కాక్ వాళ్ల పశువుల పాకలో దూరారు అందరూ.
మెరిసింది. ఏడేళ్ల మేవిస్ నీ చెయ్యి పట్టుకుంది:
"ఎంత దూరం?"
నువ్వు ఆలోచించలేదు. వేళ్లు వాటంతటవే మడుచుకున్నాయి.
"టాథ్‌వెల్ చర్చికి కాస్త ఇవతల.
రెండుంబావు మైళ్లు. ఇటు రాదు."

రాలేదు.
పిల్ల చప్పట్లు కొట్టింది.
పాలక్యాను మూత బిగిస్తున్న తల్లి వినిఫ్రెడ్ మాత్రం
బిగించడం ఆపింది.
ఆమె భర్తది ఫిరంగి దళం.
కాన్ దగ్గర పోయాడు,
ఒక తోపు వెనక.

ఇక్కడ కలం ఎత్తేశాను.
అది నీ లెక్కో మరొకరి లెక్కో రాయలేదు.
పేజీలు వెనక్కి తిప్పితే తేదీ దొరుకుతుంది.
తిప్పలేదు.

వాన వెలిశాక ఆమె తగరపు కప్పు నిండా పాలు పోసింది.
నీ చేతికి ఇవ్వలేదు.
నీ ముందున్న చెక్కపెట్టె మీద పెట్టింది.
తగరం చెక్కకి తగిలిన ఆ చిన్న చప్పుడు విని
నువ్వు కళ్లు మూశావు.
వేళ్లు మడుచుకోలేదు.

తాగావా లేదా అని అడుగుతాడు సంపాదకుడు.
నాకూ తెలీదు.
బయట ఇంకా పదకొండు సాళ్లు మిగిలున్నాయి,
మట్టి తడిగా ఉంది,
మేవిస్ మళ్లీ మెరుపు కోసం ఆకాశంకేసి చూస్తోంది.